సెకనుకోసారి

కిన్చావో దీవిలో వాన పడదు,
ఉంటుంది, అంతే.
గోడ చెక్కపెంకుల సందుల్లో,
పొయ్యి మీద వేలాడే మేజోళ్లలో,
నా ఏంటెన్నా అతుకుల్లో పచ్చటి చిలుమై.

ఫెర్రీ ఇంజన్ల కింద ముప్పైయేళ్లు వెల్లకిలా పడుకుని
లేచి వచ్చిన నాకు
వంటింట్లో ఒక బల్ల దక్కింది.
దాని మీద రేడియో,
సగం కొన్నది, సగం కుదిర్చింది.
బల్ల కింద పెట్టెలో వైర్లు
ఒకదాన్నొకటి కావలించుకుని నిద్రపోతుంటాయి.
ఒకటి లాగితే ఊరంతా లేస్తుంది.
ఏ చార్జరు ఏ చచ్చిన వస్తువుదో
వాటికీ గుర్తులేదు, నాకూ లేదు.
పారెయ్యను మాత్రం.

టంకం పెడితే గుగ్గిలం వాసన.
చర్చిలో వంట చేస్తున్నట్టుందంటుంది మా అక్క బ్లాండీనా.
చూపుడువేలి కొసన నున్నటి మచ్చ,
ఇనుము కాగిందో లేదో ముట్టి చూసిన తెలివికి.

జూన్‌లో, చలి ముదిరాక,
నలభై మీటర్ల బ్యాండులోకి వచ్చి కూర్చుంది అది.
టక్.
ఒక ఊపిరంత ఖాళీ.
టక్.
పుంటా అరేనాస్ నుంచి ఎవరో పేరు చెప్పబోతే
సరిగ్గా పేరు మీదే, టక్.

ఫ్రిజ్ ఆపాను. గడియారం పీకాను.
మెయినే దించేసి పడవ బ్యాటరీ మీద విన్నాను.
రాగికడ్డీని ఇంకో మూరెడు నేలలోకి దిగ్గొట్టి
ఉప్పునీళ్లు పోశాను.
అది మాత్రం లెక్క తప్పలేదు.

చివరికి చిన్న ట్రాన్సిస్టరు చంకన పెట్టుకుని
ఆ చప్పుడు ఎటు పెరిగితే అటు నడిచాను.
ఎడువినా మిల్యలోంకో గొర్రెల కంచె.
కరెంటు తీగకి తడి ఫెర్న్ ఆకు తగిలినచోట
సెకనుకోసారి నీలి రవ్వ.
ఇంకేం, తలుపు తట్టి చెప్పొచ్చు.
చెప్పాలంటే
మధ్యలో పదకొండేళ్లనాటి పడవ ఇంజను అడ్డం.
బాగుచేశానన్నాను. చెయ్యలేదంది.
ఇద్దరం నిజమే చెప్పాం.
వెనక్కి వచ్చి ఫిల్టరు కట్టుకున్నాను,
అది నా మాట సగమే విన్నది.

ఆగస్టులో ఒక మంగళవారం చప్పుడు ఆగిపోయింది.
ఆ రాత్రి న్యూజిలాండ్‌లో ఒకాయన
తన కుక్కకి జలుబు చేసిందన్నాడు,
ఒక్క అక్షరం పొల్లుపోలేదు.
బుధవారమూ పండగే.
గురువారం నిద్ర పట్టలేదు.
చెవి
లేనిదాని కోసం ఎదురుచూస్తోంది.

టార్చి తీసుకుని వెళ్లాను.
గడ్డిపరకతో తీగని ముట్టుకుంటే
గడ్డిపరకే, ఇంకేం లేదు.
బురదలో గిట్టల జాడలు సముద్రం వైపు.
ఒడ్డున, చేతిలో తాడుతో,
గొర్రెల్ని పేరుపేరునా తిడుతూ ఎడువినా.
టార్చి వెలుగులో నన్ను పోల్చుకుని
"బ్యాటరీ చచ్చింది" అంది.
కాసేపాగి,
"ఇంజనూ ఇలాగే చచ్చింది."

అర్ధరాత్రికి అయిదు దొరికాయి.
ఆరోది నా బంగాళాదుంపల మడిలో నిలబడి
నన్నే కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది.

పడవ బ్యాటరీని తోపుడుబండిలో వేసుకెళ్లాను.
ఎర్రది ఎర్రదానికి, నల్లది నేలకి.
తీగని తాకే ఆకులన్నీ కోసెయ్యమని కొడవలి ఇచ్చింది.
కోశాను.
ఒక్కటి చీకట్లో కనపడలేదనుకోండి.

ఇంటికొచ్చి రేడియో పెట్టాను,
గోడ కరెంటు మీద, దాని మూలుగుతో సహా.
లోపల ఎక్కడో, సన్నగా,
టక్.
లాగ్ పుస్తకంలో టైము వేసి రాసుకున్నాను:
ఎడువినా. స్పష్టత ఐదు. బలం రెండు.

ఆ బ్యాటరీ ఆదివారానికి దిగిపోతుంది.
దాని చార్జరు వెతకాలి.
పెట్టె అడుగునే ఎక్కడో ఉండాలి.